అద్దకపు గుడ్డ మీద కత్తిసాము

కొండ కింద కావలివాళ్ళను దాసరి వేషంతో మభ్యపెట్టి, అడ్డొచ్చిన ముళ్ళ అడవిని దాటి, రెండు జాముల దారిని ఒక్క జాములో ఎక్కి, చెన్నమల్లు తన అక్క ఎర్రమాంబతో కాకోల పర్వత శిఖరం చేరేసరికి ఎండ చురుక్కుమంటోంది.

ఎదురుగా మాంత్రికుడు ధూమకేతనుడి కోట. నల్లరాతి గోడలు మదపుటేనుగుల కుంభస్థలాల్లా ఉబ్బి ఉన్నాయి. బురుజుల మీద కంచు రాబందులు మెడలు తిప్పుతూ ఎండ కాచుకుంటున్నాయి. కందకంలో నీటికి బదులు నీలిరంగు పొగ సుడులు తిరుగుతోంది. ఆ పొగ మీద తేలుతున్న తామరలకు రేకుల స్థానంలో చిన్నచిన్న నాలుకలు ఉన్నాయి. గాలి వీచినప్పుడల్లా అవి ఒకదానితో ఒకటి గుసగుసలాడుతున్నాయి. ద్వారానికి పైన, ఇనుప గొలుసులకు వేలాడుతూ, తిరగలి ఆకారంలో ఒక పెద్ద బండ.

ఎర్రమాంబ ఆ వైభవం వైపు చూడలేదు. తలెత్తి సూర్యుడి వైపు చూసింది.

ఆమె తొందర ఆమెది. రత్నగంధి రాజ్యంలో నీలవేణి నది ఒడ్డున అద్దకపు పనివాళ్ళ పేట వారిది. చెక్క అచ్చులను రంగులో ముంచి గుడ్డల మీద పువ్వులూ లతలూ అద్దడం వారి వృత్తి. ఆ అచ్చులు చెక్కడంలో ఎర్రమాంబ భర్త సింగనను మించినవాడు ఆ రాజ్యంలో లేడు. ఇరవై రోజుల కిందట ధూమకేతనుడు అతన్ని ఎత్తుకుపోయి, తాను చేయిస్తున్న ఇనుప బొమ్మలకు ముఖాలు చెక్కమన్నాడు. సింగన చెక్కనన్నాడు. అంతే, నిలబడినవాడు నిలబడినట్టే రాయి అయిపోయాడు. కోటలో రాళ్ళైన మిగతావాళ్ళకు లేని గడువు, మాట కాదన్నందుకు సింగన ఒక్కడికే పెట్టాడు మాంత్రికుడు. ఇరవై ఒకటో రోజు మిట్టమధ్యాహ్నం, కోట ముంగిట్లోని స్తంభం నీడ దాని పాదం కిందికి చేరిన క్షణాన, ఆ రాయి ఇక ఎప్పటికీ రాయే. ఈ రోజే ఆ ఇరవై ఒకటో రోజు. రాజుగారు పంపిన సేనాపతి కూడా తిరిగిరాలేదు.

ద్వారం పక్కన అరుగు మీద ఒక ముసలివాడు చింతపిక్కలతో తనతో తానే ఆడుకుంటున్నాడు. నడుముకు గొలుసు ఉంది. అతడు ద్వారపాలకుడు జోగన్న.

"దాసరులైతే భిక్ష లేదు. దొంగలైతే లోపల ఎత్తుకుపోవడానికి రాళ్ళు తప్ప ఏమీ లేవు. పోట్లాటకైతే కూర్చోండి, నియమం చెబుతాను," అన్నాడు తల ఎత్తకుండానే.

"పోట్లాటకే తాతా," అన్నాడు చెన్నమల్లు.

జోగన్న అప్పుడు తల ఎత్తాడు. "గెలిచేదాకా ఆగు, ఈ ఆట అయిపోవచ్చింది."

"ఎవరు గెలుస్తున్నారు?"

"నేనే. ఓడిపోతున్నదీ నేనే. ముప్పై ఏళ్ళుగా ఇంతే." పిక్కలు పక్కకు నెట్టాడు. "విను మరి. లోపల ముంగిట్లో ఇనుపభటుడు ఉన్నాడు. వాణ్ణి పడగొడితే లోపలున్న రాళ్ళన్నీ మనుషులవుతాయి. పడగొట్టలేకపోతే నువ్వూ వాళ్ళ వరసలోనే నిలబడతావు. కత్తి ఎత్తే ముందు మన్ను కళ్ళకద్దుకుని గురువు పేరు చెప్పాలి."

"అది ఎక్కడైనా చేసేదే కదా."

"చేసేదే. కిటుకంతా అక్కడే పెట్టాడు మహానుభావుడు. పేరు చెవిన పడగానే ఆ గురువుకు వచ్చిన విద్య మొత్తం ఇనుపభటుడికి వచ్చేస్తుంది. శిష్యుడికి గురువు విద్యలో సగం వస్తే గొప్ప. వాడికి మొత్తం వస్తుంది. ఇంక గెలిచేదేముంది?"

"పేరు చెప్పకపోతే?" అని అడిగింది ఎర్రమాంబ.

"తలుపు తెరుచుకోదమ్మా."

"ఏదో ఒక పేరు చెబితే?"

జోగన్న వేలితో పైనున్న బండను చూపించాడు. "పోయిన ఏడు ఒకాయన అలాగే చెప్పాడు. పాపం, మంచి మాటకారి."

ఎర్రమాంబ తలెత్తి ఆ బండను చూసింది. కందకంలో నాలుకలు గుసగుసలాడాయి.

"ఇంతకీ నీ గురువెవరబ్బాయ్?"

చెన్నమల్లు నేల చూశాడు. ఎర్రమాంబే చెప్పింది. "వాడికి గురువు లేడయ్యా. ఇంట్లోనే నేర్చుకున్నాడు."

"ఇంట్లో ఎవరు నేర్పారు?"

"గుడ్డ."

చెన్నమల్లు తన కత్తికి చుట్టి తెచ్చిన పాత గుడ్డను విప్పి అరుగు మీద పరిచాడు. కరక్కాయ రసంలో ముంచిన పసుపు ఛాయ ఇంకా వెలవని గుడ్డ అది. దాని మీద చిరువేరు నుంచి తీసిన ఎరుపు రంగులో ముప్పై రెండు బొమ్మలు, కత్తి పట్టిన మనిషివి. వజ్రాంగద గురువు అనే మహావీరుడు ఒకడున్నాడు. దూరాభారం వల్ల తన దగ్గరికి రాలేని సంసారులు కూడా ఇంటి పట్టున కత్తిసాము నేర్చుకోవాలని ఆయన తన భంగిమలన్నీ తాటాకుల మీద గీయించి, వాటిని గుడ్డల మీద అద్ది తిరునాళ్ళలో అమ్మమని అద్దకపు పేటకు పంపాడు. ఆ అచ్చులు చెక్కినవాడు సింగనే. అద్దిన వాటిలో ఒక గుడ్డ వాళ్ళ ఇంట్లో మిగిలిపోయింది.

పదేళ్ళ వయసులో చెన్నమల్లు దాన్ని గోడకు కట్టుకున్నాడు. పొద్దున్నే దానికి దణ్ణం పెట్టి, ఒక్కో బొమ్మనూ చూస్తూ ఒళ్ళు తిప్పడం మొదలుపెట్టాడు. గుడ్డలు ఆరేసే ఇసుకలో అడుగులు నేర్చాడు. దండేనికి సొరకాయలు వేలాడదీసి వేటు నేర్చాడు. రంగు కుండలు మూడు పగలగొట్టి తిట్లు కూడా తిన్నాడు. ఎనిమిదేళ్ళు. ఎదుటి మనిషి అంటూ ఒక్కడు కూడా లేకుండా.

"ఏదీ, ఒకటి చూపించు," అన్నాడు జోగన్న.

చెన్నమల్లు లేచి, వీపున ఉన్న డాలు తొడుక్కుని, కత్తి దూసి, మొదటి ఐదు భంగిమలు వేశాడు. అతడి ఒళ్ళు తీగలా వంగింది. కత్తి గాలిని కోసిన చప్పుడు కోట గోడకు తగిలి తిరిగి వచ్చింది.

జోగన్న పగలబడి నవ్వాడు. చింతపిక్కలు అరుగు కిందికి దొర్లాయి.

"కత్తి ఎడమ చేత్తో పట్టావేమయ్యా? డాలు కుడి చేతికి ఎవడైనా తొడుగుతాడా? ఆ అడుగులన్నీ తిరగేసి వేస్తున్నావు."

"గుడ్డ మీద అలాగే ఉంది తాతా."

"ఉంటే ఉండనీ. వజ్రాంగద గురువును నా కళ్ళతో చూశాను. కుడిచేతివాటం ఆయనది."

చెన్నమల్లు గుడ్డ వైపు చూశాడు. అక్క వైపు చూశాడు. ఎర్రమాంబ కొంగుతో ముఖం తుడుచుకుంటోంది.

"అక్కా."

"మీ బావ పొరపాటు తమ్ముడూ. అచ్చు చెక్కేటప్పుడు బొమ్మను తిరగేసి చెక్కాలి కదా, అప్పుడే గుడ్డ మీద సరిగా పడుతుంది. అప్పటికి మా పెళ్ళయి నెల కూడా కాలేదు. ఆయన ధ్యాస ఎక్కడుందో ఏమో, తాటాకు మీద ఎలా ఉందో అలాగే చెక్కేశాడు. రెండొందల గుడ్డలు అద్దాక చూసుకున్నాం. కొన్నవాళ్ళు తెచ్చి ముఖాన కొట్టారు. అన్నీ పరుపుల లోపలి గుడ్డలైపోయాయి, ఇదొక్కటి తప్ప."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"చెబుదామనే అనుకున్నాను. నువ్వు రోజూ అంత ఇష్టంగా తిప్పుతుంటే నోరు రాలేదు. నువ్వు యుద్ధానికి పోతావని కలగన్నానా?"

"పేరు రాసిన అక్షరాలు కూడా తిరగబడి ఉంటే, ఏదో పాతకాలపు లిపి అనుకున్నాను," అన్నాడు చెన్నమల్లు నెమ్మదిగా. "అయితే ఎనిమిదేళ్ళూ తప్పే నేర్చుకున్నానన్నమాట."

జోగన్న నవ్వు ఆపి, కళ్ళు తుడుచుకుని, అతడి వైపు చూశాడు. "తప్పో ఒప్పో నాకు తెలియదబ్బాయ్. ఇక్కడికి వచ్చిన వాళ్ళంతా ఒప్పు నేర్చుకున్నవాళ్ళే. లోపలికి పోయి చూడు, వరసగా నిలబడి ఉంటారు."

ఎర్రమాంబ మళ్ళీ సూర్యుణ్ణి చూసింది. "నువ్వు వెనక్కి పోతానంటే నేనేమీ అనను తమ్ముడూ. నేను మటుకు ఆయన్ని చూడకుండా కదలను."

చెన్నమల్లు వంగి గుప్పెడు మన్ను తీసుకున్నాడు. ద్వారం ముందుకు వచ్చి, సరిగ్గా ఆ బండ కిందనే నిలబడ్డాడు. మన్ను కళ్ళకద్దుకున్నాడు.

"వజ్రాంగద గురువుకు నమస్కారం. ఆయన నన్నెరుగడు. ఆయన బొమ్మకు దణ్ణం పెట్టుకుని నేర్చుకున్నాను. నాకు తెలిసిన నిజం ఇంతే."

పైన గొలుసులు కిర్రుమన్నాయి. బండ కదిలింది. దుమ్ము రాలి అతడి తల మీద పడింది. ఎర్రమాంబ కళ్ళు మూసుకుని ఇలవేల్పును తలచుకుంది. చూడని గురువును గురువనవచ్చా అని మన పెద్దలను అడిగితే ఒక్కొక్కరు ఒక్కో మాట చెబుతారు. ఆ బండ ఏమనుకుందో ఏమో, ఊగి ఊగి ఆగిపోయింది. తలుపులు తెరుచుకున్నాయి.

ఎర్రమాంబ తమ్ముడి వెంటే లోపలికి అడుగుపెట్టింది.

లోపల విశాలమైన ముంగిలి. పాలరాతి నేల మీద నలభై మంది వీరులు రాళ్ళై నిలబడి ఉన్నారు. కొందరి భుజాల మీద పిచ్చుకలు గూళ్ళు కట్టుకున్నాయి. ఆ వరస చివర సింగన, చేతిలో ఉలితో, ఏదో అంటూ అంటూ ఆగిపోయినట్టు నోరు సగం తెరిచి ఉన్నాడు. మధ్యలో స్తంభం. దాని నీడ జానెడుంది.

ఎర్రమాంబ పరుగున పోయి భర్త ముఖం మీది దుమ్ము కొంగుతో తుడవసాగింది. అదే సమయంలో స్తంభం వెనుక నుంచి ఇనుపభటుడు లేచాడు.

రెండు తాటిచెట్ల ఎత్తు లేడు గానీ, ఉన్నంత ఎత్తే చాలు భయపెట్టడానికి. ముఖం చెక్కని నున్నటి తల. కళ్ళుండాల్సిన చోట నిప్పుకణికలు రెండు. వజ్రాంగద గురువు పేరు అప్పటికే వాడిలో దిగింది. కత్తి దూసిన తీరులోనే అది తెలిసిపోయింది. అది ఒక మహాగురువు కత్తి దూసే తీరు.

పై మేడలో ధూమకేతనుడు వెండి ఊయల మీద పడుకుని ద్రాక్షపళ్ళు తింటున్నాడు. "అద్దకపువాడా," అన్నాడు అక్కడి నుంచే. "త్వరగా కానివ్వు. నా భోజనం వేళ అవుతోంది."

ఇనుపభటుడు మొదటి వేటు వేశాడు. చెన్నమల్లు తప్పుకోలేకపోయాడు. డాలు మీద పడిన ఆ దెబ్బకు పది అడుగులు ఎగిరి పడ్డాడు. చెవుల్లో గుయ్యిమని మోగింది. నోట్లో నెత్తురు రుచి. సొరకాయ ఎప్పుడూ తిరిగి కొట్టలేదు. గుడ్డ ఎప్పుడూ తిరిగి కొట్టలేదు. దెబ్బ అంటే ఎలా ఉంటుందో అతడికి పద్దెనిమిదేళ్ళకు మొదటిసారి తెలిసింది.

"లేవరా తమ్ముడూ," అంది ఎర్రమాంబ.

అతడు లేచాడు. విచిత్రంగా భయం తగ్గింది. దెబ్బ తగిలాక కూడా బతికే ఉన్నాడు కదా.

రెండో వేటుకు అతడు మొదటి భంగిమతో ఎదురు వెళ్ళాడు. ఇనుపభటుడి డాలు చటుక్కున ఎడమవైపుకు లేచింది. అక్కడ ఏమీ లేదు. చెన్నమల్లు కత్తి అటువైపు నుంచి రాలేదు. కుడివైపు నుంచి వచ్చి భటుడి మోచేతి మీద ఖంగుమని తగిలింది. నిప్పురవ్వలు లేచాయి.

నిప్పుకణికల కళ్ళు ఒకసారి రెపరెపలాడాయి.

రెండో భంగిమ, మూడు, నాలుగు. వాడు ఎడమవైపు కాచుకుంటాడు, దెబ్బ కుడివైపు పడుతుంది. వాడు ముందుకు అడుగేస్తాడు, అక్కడ చెన్నమల్లు ఉండడు. గురువు విద్య మొత్తం వాడికి వచ్చింది, అణువంత కూడా తక్కువ లేదు. కానీ తన విద్యనే తిరగేసి నేర్చుకున్న శిష్యుడు ఒకడు ఉంటాడని ఆ గురువుకే తెలియదు. తెలియనిది వాడికెలా వస్తుంది?

మేడ మీద ఊయల ఆగింది.

దెబ్బలు తగులుతున్నాయి గానీ ఇనుముకు గాయమవదు. చెన్నమల్లు చేతులు బరువెక్కుతున్నాయి. నీడ బెత్తెడైంది. తరవాత రెండు వేళ్ళయింది. ఇరవయ్యో భంగిమలో ఇనుపభటుడు తన కత్తితో అతడి కత్తిని మెలితిప్పి విసిరికొట్టాడు. అది పోయి సేనాపతి రాతి విగ్రహం పాదాల దగ్గర పడింది.

వాడు చంపే వేటు కోసం కత్తి పైకెత్తాడు.

"తమ్ముడూ, కుడి చంక కింద," అంది ఎర్రమాంబ. ఆమె భర్త మీద నుంచి చెయ్యి తియ్యకుండానే చూస్తోంది. "రాగి సీల ఉంది చూడు."

చెన్నమల్లు చూశాడు. ఎత్తిన చేతి కింద, ఇనుప పలకలు కలిసే చోట, రూపాయంత రాగి సీల మెరుస్తోంది. కుడిచేతివాటం వీరుడెవరూ అటువైపు నుంచి దగ్గరికి రాడు. అందుకే ముప్పై ఏళ్ళుగా దాని మీద ఎవరి కన్నూ పడలేదు.

ఇప్పుడు చెయ్యాల్సింది గుడ్డ మీద లేదు. ముప్పై రెండు బొమ్మల్లో ఒట్టి చేతులతో నిలబడిన బొమ్మ ఒక్కటి కూడా లేదు. కానీ చెన్నమల్లు పుట్టినప్పటి నుంచి అద్దకం పని చేసినవాడు. అచ్చును గుడ్డ మీద పెట్టి పిడికిలితో గుద్దేటప్పుడు ఒక్కటే గుద్దు గుద్దాలి. రెండోది పడితే అచ్చు కదిలి బొమ్మ చెరుగుతుంది. రోజుకు వెయ్యిసార్లు అతడి చెయ్యి చేసే పని అది.

కత్తి కిందికి దిగేలోపు వాడి చంక కిందికి దూరి, ఒక్కటే గుద్దాడు.

సీల లోపలికి దిగిపోయింది.

ఇనుపభటుడు కత్తి సగం దించి ఆగాడు. ఒంట్లో ఎక్కడో చక్రాలు కరకరమని నలిగాయి. కళ్ళలో నిప్పు ఆరింది. తరవాత వాడు మెల్లగా, నిద్రపోతున్న దున్నపోతులా, పక్కకు ఒరిగి పడ్డాడు. కోట అదిరింది. నీడ అప్పటికి ఒక్క వేలు మిగిలింది.

రాళ్ళ మీది పిచ్చుకలన్నీ ఒక్కసారి లేచాయి.

సింగన పెదవులు కదిలాయి. "చెక్కనంటే చెక్కను," అన్నాడు ఎదురుగా ఎవరూ లేకపోయినా. ఇరవై రోజుల కిందట మొదలుపెట్టిన మాటను పూర్తి చేసి, కళ్ళు చిట్లించి, పక్కకు చూశాడు. "నువ్వెప్పుడొచ్చావు?"

"ఇప్పుడే," అంది ఎర్రమాంబ. అని, అతడి పాదాల దగ్గర కూలబడి, అప్పటిదాకా ఆపుకున్నదంతా ఏడ్చేసింది.

చుట్టూ నలభై మంది వీరులు మెడలు విరుచుకుంటున్నారు, ఆవులిస్తున్నారు, ఇది ఏ నెల అని అడుగుతున్నారు. సేనాపతి తన పాదాల దగ్గరున్న కత్తిని తీసి చెన్నమల్లుకు రెండు చేతులతో అందించాడు. బయట జోగన్న నడుముకున్న గొలుసు తెగి పడిన చప్పుడు వినిపించింది. ఆ వెంటనే అతడు గడపలో ప్రత్యక్షమై, "గెలిచింది నువ్వేనా? నిజంగా?" అని మూడుసార్లు అడిగాడు.

ధూమకేతనుడు మేడ అంచుకు వచ్చాడు. ముఖం మాడిన కుండలా ఉంది. నడుముకున్న తోలుసంచిలో నుంచి చిటికెడు బూడిద తీసి కిందికి విసిరాడు. "మనిషిని తీసుకుపో. వాడి పనితనం మాత్రం నా సంచిలో ఉంటుంది," అన్నాడు. అంటూనే పొగైపోయాడు, ఆ పొగ నల్లటి కొంగై ఆకాశంలోకి లేచిపోయింది. కంచు రాబందులు దాని వెంట ఎగిరాయి.

సింగన ఉలి పట్టిన కుడి చెయ్యి మోచేతి దాకా మళ్ళీ రాయైంది.

అతడు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. ఎర్రమాంబ కళ్ళు తుడుచుకుని లేచింది.

"చెయ్యి సంగతి తరవాత చూద్దాం. మనిషి వచ్చాడు. నాకది చాలు ఇప్పటికి," అంది. మూటలో నుంచి పెరుగన్నం తీసి, మొదటి ముద్ద దేవుడి పేరు చెప్పి పక్కన పెట్టి, మిగిలినదాన్ని ఆకుల్లో వడ్డించింది. భర్తకు తనే తినిపించింది. ముప్పై ఏళ్ళుగా కోట కూడు తిన్న జోగన్న రెండుసార్లు పెట్టించుకున్నాడు.

"ఏరా మల్లూ," అన్నాడు సింగన నములుతూ. "ఆ అచ్చు సంగతి..."

"అక్క చెప్పింది బావా."

"కోపమొచ్చిందా?"

"గుమ్మం దగ్గర వచ్చింది. ఇప్పుడు లేదు."

సింగన నవ్వాడు. ఇరవై రోజుల తరవాత ఆ నవ్వు విని ఎర్రమాంబ చేతిలోని ముద్ద అలాగే ఆగిపోయింది. చెన్నమల్లు గోడకు చేరగిలబడి కాళ్ళు చాపుకున్నాడు. ఒళ్ళంతా నొప్పులు. ఇంత హాయిగా ఎన్నడూ కూర్చోలేదనిపించింది.

ఇంటికి వెళ్ళేముందు వజ్రాంగద గురువు ఎక్కడున్నాడో కనుక్కుని పాదాలకు మొక్కాలని అతడు సేనాపతితో అంటూ ఉన్నాడు. ఇంతలో ఎర్రమాంబ చేతిలోని ఆకు కిందపడింది.

సింగన ఒడిలో ఉన్న రాతి చెయ్యి కదిలింది. అతడు కదపలేదు. ఎడమ చేత్తో దాన్ని పట్టుకుని ఆపబోయాడు, ఆగలేదు. మాంత్రికుడి సంచి దాన్ని లాగుతున్నట్టు మెల్లగా పైకి లేచి, కొంగ ఎగిరిపోయిన తూర్పు దిక్కుకు తిరిగి, ఉలి మొనతో సూటిగా అటే చూపిస్తూ నిలిచింది.

సింగన ఆ లాగుడుకు తట్టుకోలేక లేచి నిలబడ్డాడు. ఒక అడుగు వేశాడు. మరో అడుగు వేశాడు.

ఎర్రమాంబ మూట కట్టేసి భర్త రెండో చెయ్యి గట్టిగా పట్టుకుంది. "సరే, పదండి," అంది. "ఈసారి మాత్రం మిమ్మల్ని ఒక్కరినే పోనివ్వను."

చెన్నమల్లు కత్తిని ఎడమ చేతికి మార్చుకుని వాళ్ళకంటే ముందు నడిచాడు.